గీత గీసే ముందు గడప తొక్కాలి: జనంతో కలిసి పనిచేసే టౌన్ ప్లానర్‌గా మొదటి మూడేళ్లు

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కారు. పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది, అంటే ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే పటం. అందులో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని వాళ్ల ఆందోళన. ధర్నాలు, బంద్‌లు జరిగాక, అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే మాస్టర్ ప్లాన్ మీద ఇలాంటి గొడవే జరిగింది, అక్కడా వెనక్కి తగ్గారు.

ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పమని ముందు నోటీసు ఇస్తారు. చట్టం ప్రకారం అది సరిపోతుంది. కానీ ఆఫీసు బోర్డు మీద అతికించిన కాగితం ఒక చోట ఉంటే, "నా సర్వే నంబరు ఏ రంగులో ఉంది, దానివల్ల నాకేమవుతుంది" అని అడిగే రైతు ఇంకో చోట ఉంటాడు. ఆ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడం కూడా ప్లానర్ పనే. మన కాలేజీల్లో దానికి మార్కులు తక్కువ, ఆఫీసుల్లో సమయం తక్కువ. కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు ఈ పని ఎలా మొదలుపెట్టాలో, నేను చేసి తెలుసుకున్న వరుసలోనే చెబుతాను.

ఇన్నేళ్లలో నాకు బలంగా అర్థమైంది ఒకటుంది. అడిగింది దొరకకపోతే జనం బాధపడతారు, కొన్నాళ్లకు సర్దుకుంటారు. చెప్పిన మాట ఏమైపోయిందో తెలియకపోతే మాత్రం ఇంకోసారి మనల్ని నమ్మరు. కింద చెప్పే అడుగులన్నీ ఆ మాట తప్పిపోకుండా చూసుకోవడానికే.

మొదటి అడుగు: ఏ తలుపు నుంచి లోపలికి వెళ్లాలో చూసుకోండి

ఇంటర్ తర్వాత వచ్చేవాళ్లకు నాలుగేళ్ల బి.ప్లాన్ (బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్) ఉంది. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) మనకు దగ్గరవి. విజయవాడ సీటుకు జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ కోసం ఉన్న పేపర్ 2బి రాయాలి. డిగ్రీ అయినవాళ్లకు ఎం.ప్లాన్ ఉంది. సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ వాళ్లే కాదు, భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం చదివినవాళ్లు కూడా చాలా చోట్ల చేరవచ్చు. జనంతో పనిచేయాలన్న ఆసక్తి ఉంటే ఈ చివరి నేపథ్యాలను తక్కువగా చూసుకోకండి. నేను చూసినంతలో ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే ఓపిక వీళ్లలోనే ఎక్కువ.

ఉద్యోగాలు ఉంటాయా అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలోని 7,933 పట్టణ ప్రాంతాల్లో 65 శాతానికి అసలు మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో మంజూరైన ప్లానర్ పోస్టులు నాలుగు వేల లోపు, అందులోనూ 42 శాతం ఖాళీలు. అవసరమేమో 12 వేలకు పైనే అని ఆ నివేదికే చెప్పింది. పని ఉంది, పోస్టులు నింపడమే నెమ్మది. అందుకే ఒక్క నోటిఫికేషన్ మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి.

మాస్టర్ ప్లాన్లు తయారుచేసే కన్సల్టెన్సీలు, పట్టణాభివృద్ధి సంస్థలు, మున్సిపాలిటీల టౌన్ ప్లానింగ్ విభాగం, పునరావాసం మీద పనిచేసే బృందాలు, బస్తీల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, ఇవన్నీ తలుపులే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న సచివాలయాల వ్యవస్థ మొదలైనప్పుడు వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అనే పోస్టు వచ్చింది. అనుమతుల కాగితాలే ఎక్కువ ఉంటాయని కొందరు చిన్నచూపు చూస్తారు కానీ, ఒకే వార్డును రోజూ చూసే అవకాశం పెద్ద డిగ్రీ ఉన్న కన్సల్టెంట్‌కు కూడా దొరకదు.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీరూ ఒక ప్రశ్న అడగండి: "ముసాయిదా మీద వచ్చిన అభ్యంతరాలను మీ టీమ్‌లో ఎవరు చదువుతారు?" ఎవరు చదువుతారో, ఎలా వర్గీకరిస్తారో చెప్పగలిగితే అక్కడ చేరండి. ప్రశ్నే కొత్తగా అనిపించినట్టు చూస్తే ఇంకో చోటు వెతుక్కోవడం మంచిది. కుదరక చేరాల్సి వస్తే, ఆ చదివే మనిషి మీరే అవ్వండి.

రెండో అడుగు: చట్టం ఎక్కడెక్కడ జనాన్ని మాట్లాడమంటుందో నేర్చుకోండి

జనం మాట వినడాన్ని చాలా ఆఫీసుల్లో మంచితనంగా చూస్తారు. కొన్ని చోట్ల అది చట్టం పెట్టిన బాధ్యత. ఆ చోట్లు ఏవో తెలిస్తే, కొత్త ఉద్యోగి అయినా పై అధికారి ముందు ధైర్యంగా మాట్లాడగలరు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెబుతుంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వృద్ధులు, వార్డులోని ప్రముఖులు, ఒక్కోదానిలో 15 మంది. మీ పట్టణంలో ఆ కమిటీలు కాగితం మీదే ఉన్నాయా, నిజంగా కూర్చుంటున్నాయా అన్నది మొదటి వారంలోనే తెలుసుకోండి. కాగితం మీదే ఉన్నా, సభ్యుల జాబితా అడిగి తీసుకోండి. పిలవడానికి కనీసం 60 మంది పేర్లు చేతికొస్తాయి.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కొత్త ఉద్యోగులు రోడ్డు వెడల్పు డ్రాయింగ్ వేసేటప్పుడు ఎక్కువగా మర్చిపోయేది ఈ చట్టాన్నే. డ్రాయింగ్‌లో ఫుట్‌పాత్ ఖాళీగా కనిపిస్తుంది. నేల మీద అక్కడ పూలమ్మే ఆమె ఇరవై ఏళ్లుగా కూర్చుంటోంది.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది. ఆ నివేదికను స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, బహిరంగ విచారణ జరపాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో నాకు చాలా ఇష్టమైన నిబంధన ఒకటుంది. బహిరంగ విచారణ ముగిసే ముందు, అక్కడ ఎవరేం చెప్పారో రాసిన సారాంశాన్ని వచ్చినవాళ్లందరికీ వాళ్ల భాషలో చదివి వినిపించాలి. పెద్ద ప్రాజెక్టులకు పెట్టిన ఈ నియమాన్ని నేను వార్డు మీటింగులకు కూడా వాడతాను. ఎలాగో కింద చెబుతాను.

మూడో అడుగు: మొదటి నెల కాళ్లతోనే పని

కొత్తగా చేరగానే మీకొక బేస్ మ్యాప్ ఇస్తారు. ఉపగ్రహ చిత్రం మీద గీసింది, చూడటానికి చాలా శుభ్రంగా ఉంటుంది. దాన్ని నమ్మకండి. దాన్ని పట్టుకుని నడవండి.

నేను మొదట పనిచేసిన ఒక చిన్న పట్టణంలో, ఊరి చివర వాగు పక్కన రెండెకరాల స్థలాన్ని బేస్ మ్యాప్‌లో 'ఖాళీ' అని రాశారు. నడిచి వెళ్లి చూస్తే అది శ్మశానం. గోరీలు లేవు, గోడ లేదు, మట్టి దిబ్బలు మాత్రం ఉన్నాయి. పక్క వాడలో నలభై ఇళ్లవాళ్లు తాతల కాలం నుంచి తమవాళ్లను అక్కడే పూడ్చుకుంటున్నారు. ఉపగ్రహానికి అది తుమ్మచెట్లున్న బీడు. ఆ వాడ పెద్దాయన నన్ను అక్కడికి తీసుకెళ్లి, "ఇది మీ కాగితంలో ఉందా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పనిని ఇంత పట్టుదలగా నేర్చుకున్నది దానివల్లే.

శ్మశానాలే కాదు, బేస్ మ్యాప్‌లో 'ఖాళీ'గా కనిపించేవి ఇంకా చాలా ఉంటాయి. చాకిరేవు, పశువులు దిగే చెరువు గట్టు, బోనాలు వెళ్లే దారి, పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా, శనివారం సంత. వీటికి పట్టా ఉండదు, కాంపౌండ్ ఉండదు, కానీ ఊరు వాటి మీద నడుస్తుంది.

నడిచే పద్ధతి ఇది. ఒకే వీధిలో మూడు వేళల్లో నడవండి: పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదికి. ఒంటరిగా వెళ్లకండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ను, వెంట తీసుకెళ్లండి. పొదుపు సంఘాలతో రోజూ మాట్లాడే మనిషి ఆమె, ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలుసు. పారిశుద్ధ్య జవాను, అంగన్‌వాడీ టీచర్, నల్లా నీళ్లు వదిలే లైన్‌మన్, ఈ ముగ్గురితో ఒక్కో గంట కూర్చోండి. వార్డు కౌన్సిలర్‌ను కూడా కలవాల్సిందే, కాకపోతే ఆయన్ని మొదట కలిస్తే తర్వాత మీరు చూసేదంతా ఆయన కళ్లతోనే చూస్తారు. మర్యాదకు ఫోన్ చేసి చెప్పండి, నడక అయ్యాక వెళ్లి కూర్చోండి.

ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని గుర్తులు పెట్టుకోవడానికి ఉచితమైన యాప్‌లు ఉన్నాయి. సర్వేకు కోబోటూల్‌బాక్స్, పటానికి క్యూజీఐఎస్ నేర్చుకుంటే చాలు, రెండూ డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఆధార్ నంబర్లు మాత్రం అడగకండి. అది మీ పనికి అవసరం లేదు, అడిగిన క్షణం నుంచి ఎదుటివాళ్లు మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

నాలుగో అడుగు: జనం చదవగలిగే పటం తయారుచేయండి

పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం కింద తయారయ్యే మాస్టర్ ప్లాన్ పటాలు 1:4,000 స్కేలులో ఉంటాయి. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. ముప్పై అడుగుల వెడల్పున్న ఇల్లు ఆ పటంలో రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, బియ్యపు గింజ పొడవంత కూడా ఉండదు. ఆ పటాన్ని గోడకు తగిలించి "మీ అభ్యంతరాలు చెప్పండి" అంటే, తన ఇల్లెక్కడుందో తెలియని మనిషి ఏం చెబుతాడు?

వార్డు మీటింగుకు 1:500 స్కేలులో పటం వేయించండి. అప్పుడు అదే ఇల్లు దాదాపు రెండు సెంటీమీటర్లు, బొటనవేలి గోరంత కనిపిస్తుంది. కిలోమీటరు పొడవున్న వీధి రెండు మీటర్లు అవుతుంది. ఇంత పెద్దది ఎక్కడ ప్రింట్ చేస్తారంటే, మన ప్రతి ఊళ్లోనూ ఫ్లెక్సీ దుకాణం ఉంది. చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు, సాయంత్రానికి ఇచ్చేస్తారు. ఫ్లెక్సీ మీద పెన్నుతో రాయడం కష్టం కాబట్టి రంగు స్టిక్కర్లు, బొట్టుబిళ్లలు వాడండి. బొట్టుబిళ్ల ప్యాకెట్ తెస్తే ఆడవాళ్లు నవ్వి ముందుకొస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

పటం మీద ఏముండాలి? గుడి, మసీదు, చర్చి, బడి, రేషన్ దుకాణం, పెద్ద వేపచెట్టు, వాటర్ ట్యాంక్. రోడ్ల పేర్లు అధికారికంగా ఏమున్నా, జనం పిలిచే పేర్లే రాయండి. ఊరి చివరి పొలాలు ప్లాన్‌లోకి వస్తుంటే సర్వే నంబర్ల గీతలు తప్పకుండా వేయండి. రైతు తన భూమిని సర్వే నంబరుతోనే గుర్తుపడతాడు. ఇందుకు రెవెన్యూ ఆఫీసులో గ్రామ నక్షా అడగాలి. నక్షా ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చోదు, కొన్ని చోట్ల గట్లు పది ఇరవై మీటర్లు పక్కకు పోతాయి. ఆ తేడా ఉందని పటం మీదే తెలుగులో రాసేయండి. దాచిపెడితే తర్వాత అదే పెద్ద గొడవ అవుతుంది.

రంగుల సంగతి కూడా చెప్పాలి. ప్లాన్‌లో పసుపు అంటే నివాసం, నీలం వాణిజ్యం, వంగపండు రంగు పరిశ్రమ, ఎరుపు ప్రభుత్వ, ప్రజా అవసరాలు, ఆకుపచ్చ పార్కులు, మైదానాలు. ప్లానర్లకు ఇది అలవాటే. జనానికి ఎరుపు అంటే కూల్చివేత. 2024లో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశాక ఆ భయం ఇంకా పెరిగింది. అందుకే నేను వార్డు పటంలో రంగులు తగ్గించి, ఒక్కో జోన్‌లో ఏం కట్టుకోవచ్చో, ఏం కట్టకూడదో రెండు వాక్యాల్లో పెద్ద అక్షరాలతో రాయిస్తాను. 'మీ పొలం ఈ జోన్‌లో ఉంటే సాగు చేసుకోవచ్చా? ఇల్లు కట్టుకోవచ్చా? అమ్ముకోవచ్చా?' అని మూడు ప్రశ్నలు, వాటికి జవాబులు. జనం మొదట చదివేది అవే.

గోడల మీద గుర్తులు పెట్టాల్సి వస్తే, ముందు మాట్లాడాకే పెట్టండి. ఇందులో మినహాయింపు వద్దు.

ఐదో అడుగు: మీటింగ్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో

నా మొదటి మీటింగ్ మున్సిపల్ ఆఫీసు హాల్లో, పగలు పదకొండింటికి. వచ్చినవాళ్లలో ముందు వరుసలో వెంచర్లు వేసేవాళ్లు, వెనక ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ ఉద్యోగులు. ఆడవాళ్లు ఒక్కరూ లేరు. మినిట్స్‌లో మాత్రం 'ప్రజలు హాజరయ్యారు' అని రాశాం. అబద్ధం కాదు, నిజమూ కాదు.

వేళ ముందు తేల్చుకోండి. నల్లా నీళ్లు వచ్చే గంటలో మీటింగ్ పెడితే ఆడవాళ్లు రారు, ఆ గంట ఎప్పుడో ప్రతి వీధికీ వేరు. కూలీలను అడ్డా దగ్గరే పొద్దున ఏడింటికి కలవాలి, ఎనిమిదిన్నర దాటితే పని దొరికినవాళ్లు వెళ్లిపోతారు, దొరకనివాళ్లకు మాట్లాడే మనసుండదు. తోపుడుబండ్లవాళ్లకు సాయంత్రం బేరం వేళ, వాళ్లతో మధ్యాహ్నం మాట్లాడండి. శుక్రవారం నమాజు, ఆదివారం ప్రార్థనలు గుర్తుంచుకోండి. బీడీలు చుట్టే ఇళ్లలో ఆడవాళ్లను మీటింగుకు రమ్మనడం కంటే, అరుగు మీద వాళ్లు చుడుతుండగానే పక్కన కూర్చుని మాట్లాడటం మేలు. రోజు కూలి పోగొట్టే హక్కు మనకు లేదు.

కబురు ఎలా పంపాలి? పేపర్ ప్రకటన చట్టం కోసం, దాన్ని వదలకూడదు. జనం కోసం డప్పు చాటింపు, గుడి మైకు, మసీదు మైకు, చెత్త ఆటోలో పాట వచ్చే స్పీకరు, పొదుపు సంఘాల వాట్సాప్ గ్రూపు. మైకులో చెప్పే మాట ముప్పై సెకన్లు దాటకూడదు, అందులో 'మాస్టర్ ప్లాన్ ముసాయిదా' అన్న మాట కంటే ముందు 'మన వీధి రోడ్డు, మన పొలాల జోన్' అని రావాలి.

కూర్చోబెట్టే తీరు మాటను మారుస్తుంది. వేదిక, కుర్చీలు, దండలు పెట్టారంటే అది సభ. జంపఖానా పరిచి, మధ్యలో పటం వేసి, చుట్టూ అందరూ కూర్చుంటే అది మాటామంతీ. మన ప్రాంతంలో ఇది కొత్త విద్యేం కాదు. హైదరాబాద్‌లో 1967లోనే పట్టణ సముదాయ అభివృద్ధి కార్యక్రమం మొదలై, బస్తీల్లో కార్యకర్తలు జనంతో కూర్చుని పనులు నిర్ణయించారు. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 పట్టణాల్లో నడిచిన పట్టణ పేదల సేవల ప్రాజెక్టులోనూ వాడవాడకూ పేదలతో కలిసి ప్రణాళికలు వేశారు. మీ మున్సిపాలిటీలో అప్పట్లో పనిచేసిన కమ్యూనిటీ ఆర్గనైజర్లు ఇంకా ఉంటే వెతికి పట్టుకోండి. రెండు గంటల్లో వాళ్లు నేర్పేది ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకదు.

ఇక ప్రశ్నలు. "మీకేం కావాలి?" అని మొదలుపెట్టకండి. అలా అడిగితే కాలువ, లైటు, రోడ్డు అని ఎక్కడికి వెళ్లినా ఒకే జాబితా వస్తుంది, తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారు?" అని అడిగి, పటం మీద వేలితో చూపించమనండి. "2020 అక్టోబరు వానకు నీళ్లు ఏ గడప దాకా వచ్చాయి?" అని హైదరాబాద్ బస్తీల్లో అడిగి చూడండి. గోడ మీద మరక చూపిస్తారు. టేపుతో కొలిచి రాసుకోండి, ఇంజనీర్ల లెక్కకు అది గట్టి ఆధారం.

ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడానికి చింతగింజలు బాగా పనికొస్తాయి. మనిషికి పది గింజలు ఇచ్చి, పార్కు, కాలువ, సంత షెడ్డు, బస్టాపు బొమ్మల మీద పంచమనండి. చదువు రానివాళ్లూ సమానంగా పాల్గొంటారు. ఒక జాగ్రత్త: ఆడవాళ్ల గింజలు, మగవాళ్ల గింజలు వేరు రంగులో ఉండాలి. రెండూ కలిపి లెక్కపెడితే ఎవరి మాటో తెలియదు.

అద్దెకున్నవాళ్లను విడిగా కలవండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. రోడ్డు వెడల్పైతే ఇంటి యజమానికి స్థలం కొంత పోయినా మిగిలినదాని రేటు పెరుగుతుంది. అదే ఇంట్లో కింద ఇస్త్రీ దుకాణం పెట్టుకున్న మనిషికి బతుకుతెరువు పోతుంది. యజమాని ఎదురుగా ఆయన నోరు విప్పడు.

ఆరో అడుగు: రిజిస్టర్

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

శ్మశానం గురించి రాసుకున్నానని చెప్పాను కదా. నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, టీమ్‌లో ఒకరికి ఫోన్‌లో చెప్పాను. మూడు నెలల తర్వాత ముసాయిదా వచ్చింది. ఆ రెండెకరాలు పార్కు. ఎవరూ కావాలని చేయలేదు. నా నోట్‌బుక్ నుంచి పటం గీసే కంప్యూటర్ దాకా ఆ మాట వెళ్లే దారే లేదు. పెద్దాయన ఆఫీసుకు వచ్చి నన్ను ఏమీ అనలేదు. "రాసుకున్నావుగా బాబూ" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక పెద్ద లాంగ్ బుక్ కొని గళ్లు గీశాను. ఇప్పుడు అదే ఎక్సెల్‌లో ఉంది, కానీ పుస్తకం కూడా ఉంచుతాను, జనం చూస్తుండగా రాయడానికి. ఇవీ ఆ గళ్లు:

- వరుస నంబరు, తేదీ, మాట్లాడిన చోటు
- చెప్పిన మాట, వాళ్ల మాటల్లోనే
- పటం మీద చోటు లేదా సర్వే నంబరు
- ప్లాన్‌లో ఇది ఏ గీతకు, ఏ జోన్‌కు సంబంధించింది
- నిర్ణయం, దానికి కారణం, నిర్ణయించింది ఎవరు
- తిరిగి వెళ్లి చెప్పిన తేదీ

రెండో గడిలో మీ భాష పెట్టకండి. "మా పిల్లలు బడికి కాలువ దాటి పోతారు, వానొస్తే పంపం" అని ఒక తల్లి చెబితే, దాన్ని 'అనుసంధాన సమస్య' అని రాస్తే వాన పోయింది, పిల్లలూ పోయారు. రేపు ఇంజనీరు ఆ వరుస చదివినప్పుడు అక్కడ కాలినడక వంతెన కావాలని అతనికి తట్టదు.

నిర్ణయం గడిలో నాలుగు మాటలే వాడండి: మారింది, కొంత మారింది, మారలేదు, మన పరిధిలో లేదు. మూడోదానికి కారణం తప్పనిసరి, అదీ పదో తరగతి చదివినవాళ్లకు అర్థమయ్యే తెలుగులో. 'సాంకేతిక కారణాల వల్ల' అన్నది కారణం కాదు. 'ఈ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ లోపల ఉంది, నిండినప్పుడు నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి, అందుకే నివాస జోన్‌గా మార్చలేం' అన్నది కారణం. నాలుగోదైతే ఏ శాఖకు పంపారో, ఉత్తరం నంబరెంతో రాయండి.

మీటింగ్ ముగిసే ముందు ఆ రోజు రాసిన వరుసలన్నీ పైకి చదవండి. బహిరంగ విచారణ నియమాన్ని వాడతానన్నది ఇక్కడే. పది నిమిషాలు పడుతుంది. "నేనన్నది అది కాదు" అని ఇద్దరు ముగ్గురైనా సరిచేస్తారు, ఆ సవరణే అసలు సమాచారం. తర్వాత చెప్పినవాళ్లకు తమ వరుస నంబరు చిన్న చీటీ మీద రాసి ఇవ్వండి. ఆ నంబరుతో వాళ్లు ఆఫీసుకొచ్చి అడగగలరు. పై అధికారులకు మొదట ఇది నచ్చకపోవచ్చు, 'మనమే ఆధారం ఇస్తున్నట్టు' అంటారు. కోర్టులో కేసు పడినప్పుడు ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించామని చూపించడానికి ఆ పుస్తకమే పనికొస్తుందని చెప్పండి. నా అనుభవంలో ఆ మాటకు ఒప్పుకోనివాళ్లు తక్కువ.

ఏడో అడుగు: మాట ఇచ్చే చోట, ఒత్తిడి వచ్చే చోట

జనం ముందు కూర్చున్నప్పుడు "చూద్దాం, చేయిద్దాం" అనడం చాలా తేలిక. ఎదుట కన్నీళ్లు కనిపిస్తే నోరు ఊరుకోదు. అయినా అనకండి. మీ చేతిలో ఉన్నది మూడే: రాసుకోవడం, పై వాళ్లకు చేర్చడం, జవాబు తెచ్చివ్వడం. ఆ మూడూ చేస్తానని మాత్రమే చెప్పండి.

నిర్ణయం ముందే అయిపోయి, మిమ్మల్ని పేరుకు మీటింగ్ పెట్టమని పంపే రోజు తప్పకుండా వస్తుంది. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లోనే ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించింది. కింది రెండు మెట్లలో అసలు భాగస్వామ్యమే లేదు, జనాన్ని ఒప్పించి పంపడమే ఉంటుందని చెప్పింది. మీరు ఏ మెట్టు మీద నిలబడ్డారో మీకు తెలిసి ఉండాలి. అలాంటి రోజున పై అధికారిని ఒక్కటి అడగండి: "ఇందులో ఇంకా మార్చగలిగేది ఏముంది?" రోడ్డు అలైన్‌మెంట్, అంటే అది ఏ దారిన పోవాలన్నది, తేలిపోయినా, ఖాళీ చేసే గడువు, దుకాణాలకు ప్రత్యామ్నాయ స్థలం, పని ఏ వైపు నుంచి మొదలవ్వాలి అన్నవి మిగిలే ఉంటాయి. మీటింగ్‌లో ముందే చెప్పేయండి: ఇది తేలిపోయింది, ఇవి తేలలేదు, తేలనివాటి మీద మాట్లాడదాం. కేకలేస్తారు. అయినా చివరిదాకా కూర్చుంటారు.

ఇంకో ఒత్తిడి లోపల్నుంచి వస్తుంది. ముసాయిదా బయటికి రాకముందే ఏ రోడ్డు ఎక్కడొస్తుందో తెలుసుకోవాలని స్నేహితులు, బంధువులు, చదువుకున్నప్పటి సీనియర్లు అడుగుతారు. టీ తాగుతూ మాటల్లో జారిన ఒక్క సర్వే నంబరుతో ఎవరి భూమో కారుచౌకగా చేతులు మారుతుంది. ఆ రైతు మీ మీటింగుకే వచ్చి మీ ఎదురుగా కూర్చున్న మనిషై ఉంటాడు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకండి.

ఎనిమిదో అడుగు: చేసిన పనిని చూపించగలగాలి

పోర్ట్‌ఫోలియోలో అందరూ రంగుల పటాలు పెడతారు. మీరు ఒక పేజీలో మూడు పెట్టండి: జనం చెప్పిన మాట, దానికి ముందు పటం, దాని తర్వాత పటం. పేర్లు, ముఖాలు తీసేయాలి. మార్పు చిన్నదైనా ఫర్వాలేదు, గీత ఎందుకు కదిలిందో చూపించగలిగే అభ్యర్థి అరుదు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ ఇండియా 1951 నుంచి ఉంది, దాని సభ్యత్వం తీసుకోవడం కూడా కెరీర్‌కు మేలు. చాలా ఉద్యోగ ప్రకటనల్లో అడుగుతారు.

మాటలు పడే పని ఇది. ఎవరి మీదో ఉన్న కోపం ఎదుట కూర్చున్న మీ మీద చూపిస్తారు. రోజు ముగిశాక టీమ్‌లో ఎవరితోనైనా అరగంట మాట్లాడటం అలవాటు చేసుకోండి. వారానికి మూడు మీటింగులు మించి పెట్టుకోకండి, నాలుగోదానికి వినే శక్తి మిగలదు.

ఇక శ్మశానం సంగతి. అభ్యంతరాల గడువు ఇంకా ఉండటంతో, కొత్త రిజిస్టర్‌లో మొదటి వరుసగా దాన్ని రాశాను. వాడవాళ్లతో కలిసి హద్దులు నడిచి, నాలుగు మూలలా జీపీఎస్ గుర్తులు తీసుకుని, అభ్యంతర పత్రం వాళ్ల సంతకాలతోనే పెట్టించాం. తుది పటంలో అది శ్మశానవాటిక అని వచ్చింది. ఆ పేజీ ప్రింట్ తీసుకుని వాడకు వెళ్లాను. పెద్దాయన అరుగు మీద కాగితం పరిచి, కళ్లద్దాలు సర్దుకుని, వాగు దగ్గర్నుంచి వేలు పెట్టి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చారు. చోటు దొరికాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు ఇంకొంచెం పక్కకు జరిపి, "మరి శవాన్ని మోసుకెళ్లే ఈ దారి ఎన్ని అడుగులు పెట్టారు?" అని అడిగారు. పటంలో దారి లేదు. రిజిస్టర్ తెరిచి, ఆయన చూస్తుండగా కొత్త వరుస మొదలుపెట్టాను.